జిమ్ కార్బెట్ – తుపాకి ఎంపికలో ఒక జీవిత పాఠం

జిమ్ కార్బెట్ పేరు చెప్పగానే మన విద్యార్థుల కన్నుల ముందు కుమావూ కొండల నరభక్షక వ్యాఘ్రాలు మెదలుతాయి. ఆయన రచించిన పులుల కథలు ఎందరో బాలబాలికలకు ఆంగ్ల సాహిత్యంలో తొలి పరిచయాలు. అయితే ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది కేవలం పులుల కథ కాదు. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, ప్రతి తూటానూ లెక్కపెట్టుకొని పెరిగిన ఒక బాలుని చేతిలోకి ఏయే తుపాకులు వచ్చాయి, వాటి నుండి ఆయన ఏమి నేర్చుకున్నారు అన్నదే మా విషయం. తక్కువ ఖర్చుతో జింకను వేటాడడానికి ఏ కొలత రైఫిల్ తగినది అనే ప్రశ్నను వేట చట్టసమ్మతంగా సాగే దేశాలలో నేటికీ అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నకు కార్బెట్ జీవితంలో మాకొక సమాధానం కనిపించింది. ఆ సమాధానం వేటకు వెళ్ళని మనకు కూడా పనికివచ్చేదే.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25న హిమాలయ సానువులలోని నైనీతాల్ పట్టణంలో జన్మించారు. తండ్రి క్రిస్టఫర్ విలియం కార్బెట్ ఆ పట్టణపు పోస్టుమాస్టరు. కుటుంబం పెద్దది, ఆదాయం మితమైనది. 1881లో తండ్రి మరణించేనాటికి జిమ్ వయస్సు ఆరేళ్ళు కూడా నిండలేదు. తల్లి మేరీ జేన్ ఆ సంసార భారాన్నంతా తన భుజాలపై వేసుకొని పిల్లలను పెంచింది. వేసవిలో నైనీతాల్, చలికాలంలో కొండ దిగువనున్న కాలాఢుంగీ గ్రామం ఆ కుటుంబపు నివాసాలు. కాలాఢుంగీ ఇంటి గడప దాటితే అడవి. చుక్కల దుప్పులు, కణుజులు, అడవికోళ్ళు, నెమళ్ళు, వాటి వెనుక చిరుతలు, పులులు – ఇవే ఆ బాలుని బడి.

ఆయన తొలి ఆయుధం ఉండేలు. ప్రాణాంతకమైన న్యుమోనియా జబ్బు నుండి కోలుకున్న వేళ అన్న ఇచ్చిన బహుమానమది. ఆ తరువాత మట్టి ఉండలు విసిరే విల్లు, ఆపైన బాణం. చివరకు పక్షులను గూర్చి గ్రంథం రాస్తున్న ఒక పెద్దమనిషి, నమూనాలు సేకరించి పెట్టినందుకు, గొట్టపు మూతి నుండి మందు దట్టించే ఒక పాత రెండు గొట్టాల తుపాకిని ఆ బాలునికి ఇచ్చారు. దాని కుడి గొట్టం పగిలిపోయి ఉంది. విరిగిన కర్రభాగాన్ని ఇత్తడి తీగతో చుట్టి నిలబెట్టారు. ఎవరైనా పారవేయదగిన ఆ వస్తువు జిమ్‌కు మహాభాగ్యమైంది. పనిచేసేది ఎడమ గొట్టం ఒక్కటే కనుక ఆయనకు దొరికే అవకాశం ఒక్కటే. గురి తప్పితే మళ్ళీ మందు పోసి, గుండ్లు దట్టించి, సిద్ధపరచుకొనేలోగా ఏ జంతువూ నిలిచి ఉండదు. కాబట్టి తుపాకి పేల్చడం కన్న ముందు దగ్గరకు చేరడం నేర్చుకోవలసి వచ్చింది. గాలి ఎటు వీస్తున్నదో చూడడం, ఎండుటాకు మీద అడుగు పడకుండా నడవడం, దుప్పి కూతను విని చిరుత ఎక్కడ ఉన్నదో పసిగట్టడం ఆయనకు ఆ పేదతనమే నేర్పింది. కుఁవర్ సింగ్ అనే గ్రామస్థుడు, చట్టం దృష్టిలో దొంగవేటగాడే అయినా, అడవి విద్యలో ఆ బాలునికి గురువయ్యాడు.

పదేళ్ళ వయసులో జిమ్ పాఠశాల కెడెట్ దళంలో చేరారు. అక్కడి ఆయుధం సైన్యం వాడే మార్టినీ రైఫిల్. దాని కొలత .450. ఇక్కడ కొలత అనే మాటను కొంచెం వివరించడం అవసరం. తుపాకి గొట్టపు లోపలి వెడల్పును అంగుళంలో ఎన్నో వంతుగా చెప్పడం ఆంగ్లేయుల పద్ధతి. .450 అంటే అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 450 భాగాలు, అనగా సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు. మార్టినీ గుండు బరువు సుమారు 31 గ్రాములు. నల్లమందుతో నడిచే ఆ గుండు సెకనుకు సుమారు 1,350 అడుగుల వేగంతో వెళ్ళేది. పెద్దవాళ్ళ భుజాన్నే కమిలించే ఆ రైఫిల్ తన్నును పదేళ్ళ పిల్లవాడు ఓర్చుకోవలసి వచ్చింది. అయినా ఆయన గురి చూసి దళం సార్జెంట్ మేజర్ ముచ్చటపడి, శుభ్రంగా ఉంచాలనీ కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు తిరిగి అప్పగించాలనీ షరతు పెట్టి, సెలవులలో ఆ రైఫిల్‌ను ఎరువుగా ఇచ్చారు. తూటా ఖరీదు లేనిదే అయినా అప్పగింత లెక్క ఉన్నది. ప్రతి తూటాకూ జవాబు చెప్పుకోవడం జిమ్‌కు ఆనాటి నుండే అలవాటయింది.

ఆ మార్టినీతోనే ఆయన తన తొలి చిరుతను కొట్టారు. మొదటి దెబ్బకు అది పడిపోలేదు. గాయంతో పొదలలోకి పోయింది. పెద్దలు ఎవరూ వెంట లేరు. ఇంటికి తిరిగి వెళ్ళి ఊరుకోవచ్చు. కాని జిమ్ నెత్తుటి జాడ పట్టుకొని వెళ్ళి, దానిని వెతికి, పని ముగించే వచ్చారు. గాయపరచిన జంతువును విడిచిపెట్టి రాకూడదనే నియమం ఆయన జీవితమంతా పాటించినది. దాని విలువ ఎంతటిదో ఆయనకు పూర్తిగా తెలియడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

చదువు ముగియగానే ఉద్యోగం తప్పనిసరి అయింది. రైల్వేలో ఇంధనపు కట్టెలు కొట్టించే ఇన్‌స్పెక్టరుగా నెలకు నూరు రూపాయల జీతంపై చేరారు. తరువాత గంగానదీ తీరాన మొకామా ఘాట్‌లో, ఒక రైల్వే బండ్ల నుండి మరొక రైల్వే బండ్లకు సరకు మార్పించే పనిని చేపట్టి, ఇరవై ఏళ్ళకు పైగా కూలీల మధ్యనే జీవించారు. తల్లిని, సోదరీమణులను పోషించే బాధ్యత ఆయనదే. వివాహం చేసుకోలేదు. ధనికులైన ఆంగ్ల అధికారులు లండన్‌లో తమ చేతికొలతకు తుపాకులు చేయించుకొనే రోజులలో, జిమ్ సెలవుదొరికినప్పుడు అడవికి వెళ్ళే ఒక చిరుద్యోగి మాత్రమే.

1907లో కుమావూ ప్రాంతపు చంపావత్ పరిసరాలలో ఒక ఆడపులి ప్రజలను హతమారుస్తున్నది. నేపాల్‌లోనూ, కుమావూలోనూ కలిపి అది పొట్టన పెట్టుకున్నవారు 436 మంది. కార్బెట్ ఎదుర్కొన్న మొదటి నరభక్షి అదే. ప్రతిఫలం తీసుకోనని, బహుమతి కోసం తిరిగే ఇతర వేటగాళ్ళను వెనుకకు పిలిపించాలని ఆయన ముందుగానే షరతులు పెట్టారు. చివరి ఘట్టంలో ఆయన చేతిలో .500 కొలత గల రెండు గొట్టాల రైఫిల్ ఉన్నది. దానికి తెచ్చుకున్నవి మూడే తూటాలు. అవి అయిపోయాయి, గాయపడిన పులి ఎదురుగా నిలిచి ఉంది. అప్పుడాయన పరుగున వెళ్ళి తహశీల్దారు చేతిలోని పాత తుపాకిని అందుకొని వచ్చి చివరి దెబ్బ వేశారు. ఎంత పెద్ద కొలత రైఫిల్ అయినా తూటా లేకపోతే చేతికర్రతో సమానమని ఆయనకు అనుభవమైంది.

అయితే అంతకన్న పెద్ద పాఠం పులి చనిపోయిన తరువాత తెలిసింది. దాని నోరు తెరచి చూడగా కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. పైకోర సగానికి, కిందికోర ఎముక దాకా పోయింది. ఏనాడో ఎవరో కాల్చిన తూటా దెబ్బ అది. ఆ గాయం వల్లనే అది తన సహజమైన ఆహారాన్ని వేటాడలేక మనుష్యుల పైబడిందని కార్బెట్ నిర్ణయించారు. పేరు తెలియని ఒక వేటగాడు, ఎన్నడో, తన గురికి అందని దెబ్బ వేసి, గాయపడిన జంతువును వెతకకుండా ఇంటికి పోయాడు. ఆ ఒక్క తూటా ఖరీదు 436 ప్రాణాలు. వేటలో పొదుపు అంటే ఏమిటో అర్థం చేసుకొనడానికి ఇంతకు మించిన లెక్క మాకు తోచదు.

ఈ విజయానికి గుర్తుగా సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ కార్బెట్‌కు ఒక రైఫిల్ బహూకరించారు. లండన్‌లోని రిగ్బీ సంస్థ 1905లో తయారు చేసిన ఆ రైఫిల్ కొలత .275. దాని మడమకు అమర్చిన వెండి రేకుపై ఆ బహుమాన కారణం చెక్కి ఉంది. పులిని చంపిన వానికి ఇంత చిన్న కొలత రైఫిలా అని ఎవరికైనా తోచవచ్చు. నిజానికి ఈ కొలత జింకల వేటకు పేరుపొందినది. జర్మన్ నిపుణుడు పాల్ మౌజర్ రూపొందించిన 7 మిల్లీమీటర్ల సైనిక తూటాకు ఆంగ్లేయులు పెట్టుకున్న పేరే .275. దక్షిణాఫ్రికా యుద్ధంలో బోయర్ సైనికులు వాడినది కూడా ఈ తూటానే.

మార్టినీతో దీనిని పోల్చి చూద్దాము. .275 గుండు బరువు సుమారు 9 గ్రాములు. అనగా మార్టినీ గుండులో మూడో వంతు కన్న తక్కువ. కాని వేగం సెకనుకు సుమారు 2,700 అడుగులు, అనగా రెట్టింపు. అడుగు పౌనులలో లెక్కిస్తే మార్టినీ బలం 1,900 పైచిలుకు, .275 బలం 2,200 పైచిలుకు. చిన్నగుండే ఎక్కువ బలంతో తాకుతుంది. అయినా భుజానికి తగిలే తన్ను ఎంతో తక్కువ. మరొక ముఖ్యమైన భేదం ఉన్నది. రెంటినీ 100 గజాల దూరానికి గురి కుదిర్చి 200 గజాల దూరంలోని జింకపై కాల్చామనుకొందాము. మార్టినీ గుండు అప్పటికి రెండు అడుగులకు పైగా కిందికి జారుతుంది. .275 గుండు జానెడు లోపే జారుతుంది. జింక రొమ్ములో గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు జానెడే. దూరాన్ని అంచనా వేయడంలో వేటగాడు పొరపాటు పడితే మొదటి రైఫిల్ కాలు విరుగగొడుతుంది. రెండవది ఆ పొరపాటును చాలావరకు సర్దుకుంటుంది. కాలు విరిగిన జింక రోజుల తరబడి అడవిలో కుములుతుంది. ఇదీ కొలత ఎంపికలోని అసలు మర్మం.

ఖర్చు విషయం కూడా ఇందులోనే ఇమిడి ఉంది. రెండు గొట్టాల రైఫిల్‌లో రెండు గొట్టాలూ ఒకే చోట గుండు వేసేటట్లు నిపుణుడు చేతితో సరిచేయాలి. అందుచేత దాని ఖరీదు ఎన్నో రెట్లు. గడియ లాగి తూటా ఎక్కించే మౌజర్ పద్ధతి రైఫిల్ సైన్యాల కోసం వేల లక్షల సంఖ్యలో తయారైనది గనుక చౌక, దృఢం. సైన్యాలు వాడిన తూటా గనుక పలు దేశాలలో విరివిగా తయారయ్యేది. తూటా దొరకడం ఎంత ముఖ్యమో ఆనాటి భారతదేశంలోనే ఒక నిదర్శనం ఉంది. మార్టినీ తూటాలు తిరుగుబాటుదారుల చేతికి పోతాయనే భయంతో ప్రభుత్వం ఆ దశకంలో .450 కొలత వేట రైఫిళ్ళ దిగుమతిని నిషేధించింది. లండన్ తుపాకి సంస్థలు అప్పటికప్పుడు .465, .470 వంటి కొత్త కొలతలు సృష్టించవలసి వచ్చింది. పేరు చూసి కొన్న పెద్ద కొలత కన్న, ఎప్పుడూ తూటా దొరికే మధ్యరకం కొలత మేలని దీనివలన తెలుస్తున్నది.

కార్బెట్ పెద్ద రైఫిల్‌ను పూర్తిగా కాదనలేదు. జెఫరీ సంస్థ తయారు చేసిన .450/400 రెండు గొట్టాల రైఫిల్ కూడా ఆయన వద్ద ఉండేది. దట్టమైన పొదలలో గాయపడిన పులి మీదికి దూకే సందర్భంలో 26 గ్రాముల గుండును విసిరే ఆ ఆయుధం అవసరమే. పనిని బట్టి పనిముట్టు అన్నది ఆయన పద్ధతి. కాని కొండలెక్కి మైళ్ళకొలది నడవవలసి వచ్చినప్పుడు ఆయన చేయి ఆ తేలికపాటి .275 వైపే వెళ్ళేది.

ఆ నమ్మకం వృథా కాలేదు. ఎనిమిదేళ్ళలో 125 మందిని బలిగొన్న రుద్రప్రయాగ చిరుతను 1926 మే 2వ తేదీ రాత్రి, గోలాబ్‌రాయ్ వద్ద మామిడిచెట్టుపై కూర్చుండి, రైఫిల్‌కు టార్చిలైటు బిగించుకొని ఆయన కొట్టినది ఈ .275 తోనే. 1930లో చౌగఢ్ ఆడపులితో జరిగిన ఘట్టం మరింత ఆశ్చర్యకరం. దారిలో దొరికిన పక్షి గుడ్లను ఎడమ అరచేతిలో జాగ్రత్తగా పట్టుకొని నడుస్తూ, ఒక బండ మలుపు తిరిగి వెనుకకు చూసేసరికి పులి కొద్ది అడుగుల దూరంలో పొంచి ఉంది. వేగంగా కదిలితే అది దూకుతుంది. కుడిచేతి ఒక్కదానితోనే రైఫిల్‌ను అతి నెమ్మదిగా పులివైపు తిప్పి ఆయన కాల్చారు. బరువైన రెండు గొట్టాల రైఫిల్ అయితే ఒంటిచేత అలా తిప్పడం సాధ్యమయ్యేది కాదు. తన ప్రాణం దక్కిన కారణాలలో రైఫిల్ తేలికదనాన్ని ఆయన స్వయంగా లెక్కించారు. గుడ్లు కూడా పగలలేదు. వాటిని తిరిగి గూటికి చేర్చారు.

ఇంతటి వేటగాడు క్రమంగా తుపాకిని పక్కన పెట్టి కెమెరాను చేపట్టారు. అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యూ. చాంపియన్ తీసిన వన్యమృగాల ఛాయాచిత్రాలు ఆయనను ఎంతో ప్రభావితం చేశాయి. తరువాతి కాలంలో ప్రజల ప్రాణరక్షణ కోసమే ఆయన పులిపై తుపాకి ఎత్తారు. కాలాఢుంగీ దగ్గర ఛోటీ హల్ద్వానీ అనే గ్రామాన్ని కొని, కౌలుదారులకు ఇళ్ళు, పొలాలు అమర్చి, అడవిపందులు, జింకలు పైరును పాడుచేయకుండా ఊరి చుట్టూ రాతిగోడ కట్టించారు. జింకను చంపకుండా పైరును కాపాడే మార్గం ఉన్నప్పుడు ఆయన ఆ మార్గాన్నే ఎంచుకున్నారని మేము గమనించాలి. 1936లో హేలీ నేషనల్ పార్కు ఏర్పడడంలో ఆయన తోడ్పాటు ఉంది. ఆయన మరణానంతరం ఆ వనానికి ఆయన పేరే పెట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో 500 మంది కుమావూ కూలీల దళాన్ని ఫ్రాన్సుకు నడిపించారు. రెండవ యుద్ధకాలంలో సైనికులకు అడవి యుద్ధ పద్ధతులు నేర్పి లెఫ్టినెంట్ కర్నల్ హోదా పొందారు. 1944లో వెలువడిన కుమావూ నరభక్షకుల గ్రంథం ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది. దాని తొలి ఆదాయాన్ని యుద్ధంలో చూపు కోల్పోయిన భారత సైనికుల సంస్థకు ఇచ్చివేశారు. 1947 చివరలో సోదరి మ్యాగీతో కలిసి కెన్యాకు తరలివెళ్ళి, 1955 ఏప్రిల్ 19న న్యేరీ పట్టణంలో కన్నుమూశారు. ఆయన .275 రైఫిల్ చాలాకాలం ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వద్ద ఉండి, 2015లో దానిని తయారు చేసిన రిగ్బీ సంస్థకే తిరిగి చేరింది.

ఇక మా తొలి ప్రశ్నకు వద్దాము. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనంతరం జింకల వేట నేరం. ఉర్దూ మిత్రులు షికార్ అని, తెలుగువారు వేట అని పిలుచుకున్న ఆ వినోదం మనకు కథలలోనే మిగిలింది; అదే న్యాయం. కాని ఇంగ్లండు వంటి దేశాలలో పులులు, తోడేళ్ళు లేని అడవులలో జింకల సంఖ్యను అదుపులో ఉంచడానికి వేట సాగుతున్నది. అక్కడి 1991 నాటి చట్టం పెద్దజాతి జింకలపై .240 కన్న తక్కువ కొలత గల రైఫిల్‌ను గాని, 1,700 అడుగు పౌనుల కన్న తక్కువ బలం గల రైఫిల్‌ను గాని వాడరాదని శాసించింది. జింకను గాయపరచి వదలకూడదన్నదే ఆ నిబంధనలోని ధర్మం. కార్బెట్ చేతిలోని .275 ఆ రెండు హద్దులనూ సులభంగా దాటుతుంది.

డబ్బు తక్కువ ఉన్న వేటగానికి కార్బెట్ జీవితం చెప్పే సలహాను ఇలా క్రోడీకరించవచ్చు. చట్టం చెప్పిన హద్దుకు తగ్గరాదు. గొప్పకు పోయి దానికి ఎంతో మించనక్కరలేదు. భుజం ఓర్చుకోగల కొలత కావాలి, తన్నుకు భయపడి కన్ను మూసేవాని గుండు గురికి చేరదు గనుక. తూటా సులభంగా, చౌకగా దొరకాలి, అభ్యాసం లేని చేతికి ఖరీదైన రైఫిల్ వలన ప్రయోజనం లేదు గనుక. రైఫిల్ మీద మిగిల్చిన సొమ్మును అభ్యాసపు తూటాల మీద ఖర్చు చేయాలి. నిశ్చయం లేని దెబ్బ వేయరాదు. వేసిన దెబ్బను వెంబడించకుండా ఇంటికి రారాదు.

విద్యార్థి సోదరసోదరీమణులారా! మనలో అనేకులు పరిమితమైన వనరులతో చదువుకుంటున్నవారమే. పక్కవానికి ఉన్న ఖరీదైన పరికరాలు మనకు లేవని చింతించే సందర్భాలు ఎన్నో వస్తాయి. పగిలిన గొట్టంతో, ఇత్తడి తీగ చుట్టిన తుపాకితో అడవి విద్య ఆరంభించిన ఆ బాలుని అప్పుడు స్మరించుకుందాము. ఆయనకు లోటు పాఠమయింది. అయితే చౌకగా దొరికిందని తగని పనిముట్టును పట్టరాదని కూడా చంపావత్ పులి విరిగిన కోరలు మనకు చెబుతున్నాయి. మన పొరపాటుకు మూల్యం చెల్లించేది ఒక్కొక్కప్పుడు మనం కాదు. మన ముఖం కూడా ఎరుగని ఎవరో చెల్లిస్తారు. ఏ పని చేపట్టినా ఈ ఎరుక మనకుండాలని మా ఆకాంక్ష.